దెయ్యానికి బాకీ ఉన్నదెవరు?

(విజయవాడ గవర్నరుపేటలో సినిమా అభిమానులు జరుపుకున్న ఒక సాయంకాలం సభలో, ఫిల్మ్ రిప్రజెంటేటివ్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వక్త చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. దెయ్యాల మీద మాట్లాడతాడన్నారని ముందు వరస వదిలేశారా ఏమిటి? (నవ్వులు)

హారర్ కామెడీ థ్రిల్లర్ గురించి చెప్పమన్నారు నన్ను. మా రోజుల్లో ఇన్ని పేర్లు లేవు. భయపెట్టేదైతే దెయ్యం బొమ్మ, నవ్వించేదైతే కామెడీ బొమ్మ, చివరి దాకా హంతకుడెవరో చెప్పకపోతే సస్పెన్సు బొమ్మ. మూడూ కలిపానని నిర్మాత వచ్చి చెబితే, బొమ్మని ఏరియాకి కొనుక్కునే బయ్యర్ గుండెలో రాయి పడేది. ఇప్పుడు ఆ మూడూ కలవకపోతే చిన్న సినిమాకి హాలు దొరకడం కష్టంగా ఉంది.

నేను రాసేవాణ్ణి కాదు, తీసేవాణ్ణి కాదు. గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేశాను. కుర్రాళ్ళకు ఆ ఉద్యోగం తెలియకపోవచ్చు. బొమ్మ డబ్బాలతో పాటు ఊళ్ళోకి దిగాలి, ప్రతి ఆటకూ ఎన్ని టికెట్లు తెగాయో చూడాలి, డీసీఆర్ మీద, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క కాగితం మీద, మేనేజర్ సంతకం తీసుకోవాలి, మా షేరు ఆఫీసుకు చేర్చాలి. రోజుకు నాలుగు ఆటలు అదే బొమ్మ. మూడో రోజుకి తెర వైపు చూడబుద్ధి కాదు. అప్పుడు గోడకి ఆనుకుని జనం వైపు చూస్తూ నిలబడతాం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా అలా నిలబడి చూసింది.

దెయ్యం బొమ్మకి వచ్చిన జనాన్ని చూడటం అన్నిటికన్నా సరదా. తెర మీద తలుపు కిర్రుమంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఏదో మీద పడింది. ఒక్క కేక. ఆ వెంటనే నవ్వు. ముందు నవ్వేది ఎవరో తెలుసా? అందరికన్నా గట్టిగా కేక పెట్టినవాడు. భయపడ్డానని పక్కవాడు చూశాడేమోనని వాడికి సిగ్గు, దాన్ని కప్పుకోవడానికి నవ్వు. దర్శకుడు అక్కడ జోకు పెట్టకపోయినా ఆ నవ్వు వచ్చి తీరుతుంది. తెలివైనవాడు ఆ నవ్వు ఎలాగూ వస్తుంది కదా అని దాన్ని వాడుకుంటాడు. తెలివి తక్కువవాడు ఆ నవ్వు మీద ఇంకో కేక వేయించి రెండూ పాడుచేస్తాడు.

భయానికీ నవ్వుకీ కావలసింది ఒకటే, ఆగడం. జోకు చెప్పేవాడు చివరి మాటకి ముందు ఒక క్షణం ఆగుతాడు. దెయ్యాన్ని చూపించేవాడూ అంతే. సంగీతం ఆపేయాలి, మనిషిని ఫ్రేములో ఒక పక్కకి నెట్టి రెండో పక్క ఖాళీగా వదిలేయాలి. జనం కళ్ళు వాటంతట అవే ఆ ఖాళీలోకి పోతాయి. మనవాళ్ళకి ఈ ఆగడం చేతకాదు. రీరికార్డింగ్‌లో ఒక్క క్షణం ఖాళీ దొరికితే చాలు, డబ్బులిచ్చాం కదా అన్నట్టు వాయించేస్తారు.

ఇక అసలు విషయం. ఈ మూడూ కలిసిన కథలు మనకి హిందీ నుంచో ఇంగ్లీషు నుంచో వచ్చాయనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఇందులో గుంటూరు వాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సరే, కోపం తెచ్చుకోకుండా వినండి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలో కరటకశాస్త్రి గుంటూరు శాస్త్రి వేషం కడతాడు. శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, నా కూతురని చెప్పి ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్ళి చేసి, డబ్బు పట్టుకుపోతాడు. తర్వాత ఆ పెళ్ళికూతురు మాయమవుతుంది. శిష్యుడే కదా, వేషం విప్పేసి వెళ్ళిపోయాడు. మనకి తెలుసు, ఇంట్లోవాళ్ళకి తెలియదు. అప్పుడు పూజారి గవరయ్య రంగంలోకి దిగుతాడు. ఆ వచ్చింది మనిషి కాదు, పిశాచం అంటాడు. పట్టి సీసాలో పెట్టి బిరడా బిగించానంటాడు.

ఇక్కడ ఏం జరుగుతోందో చూడండి. సీసా ఖాళీ అని మనకి తెలుసు, కాబట్టి నవ్వుతున్నాం. ఇంట్లోవాళ్ళు నిజంగానే వణుకుతున్నారు, కాబట్టి అది దెయ్యం కథ. ఇంకో పక్క, పెళ్ళికూతురు ఏమైపోయిందని లుబ్ధావధాన్లు నెత్తి మీదికి ఖూనీ కేసు వచ్చి పడుతుంది, కాబట్టి అది థ్రిల్లర్. పిల్ల మనిషైతే ఖూనీ, దెయ్యమైతే కేసే లేదు! ముసలాయన ప్రాణం ఆ ఖాళీ సీసా మీద ఆధారపడింది. 1892లో మొదట ఆడిన నాటకం, 1909లో తిరగరాసి పెద్దది చేశారు. సినిమాలు మన ఊరికి గుడారాల్లో వచ్చే కాలం అది. 1921లో పోతిన శ్రీనివాసరావుగారు ఇక్కడ మారుతి టాకీస్ కట్టడానికి ముందే మనకి ఈ మూడు రుచుల వంటకం తయారై ఉంది.

అందులో నాకు నచ్చేది ఇంకొకటుంది. ఆ దెయ్యం వెనక ఒక బాకీ ఉంది. చిన్నపిల్లల్ని డబ్బు పోసి కొనుక్కునే ముసలివాళ్ళ బాకీ అది. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనరు. దెయ్యం గురించి మాట్లాడతారు, సీసా గురించి మాట్లాడతారు, బిరడా గట్టిగా ఉందా లేదా అని చూసుకుంటారు. అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడతారు. మంచి దెయ్యం కామెడీ అంటే నా లెక్కలో ఇదే. బతికున్నవాళ్ళు ఎవరికో ఏదో బాకీ పడ్డారు, తెలిసీ తెలియనట్టు నటిస్తున్నారు. ఆ నటన దగ్గర నవ్వు పుడుతుంది. ఆ బాకీ బయటపడుతుందేమోనన్న బెదురే సస్పెన్సు. రెండూ ఒకే సీనులో ఉండాలి. గుర్తుపెట్టుకోండి, దీనికే మళ్ళీ వస్తాను.

మనకి చావుని చూసి నవ్వే అలవాటు కూడా బాగా ఉంది. యముణ్ణి మనం ఆడించినంతగా ఎవరు ఆడించారో చెప్పండి. 1960లో దేవాంతకుడు, 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల. చివరి మూడింట్లోనూ యముడు ఒక్కరే, మన కృష్ణా జిల్లా కౌతవరం మనిషి కైకాల సత్యనారాయణగారు. ఆయన గొంతు విప్పితే హాలు దద్దరిల్లేది, మరుక్షణం అదే గొంతుతో బిక్కమొహం వేస్తే పిల్లలు కిందామీదా పడి నవ్వేవాళ్ళు. ఆ కథలన్నీ దాదాపు ఆఫీసు గొడవలు. చిట్టా తప్పు రాశారు, పుస్తకం పారేసుకున్నారు, తీసుకురావలసినవాణ్ణి వదిలి ఇంకొకణ్ణి తెచ్చారు. యమలోకంలో గుమాస్తా పొరపాటు చేస్తే భూలోకంలో మనిషి ప్రాణం పోతుంది. అక్కడా బాకీయే ఉంది, కాకపోతే యముడే మనిషికి బాకీ.

మరి దెయ్యానికి కావలసిన రెండో సరుకు, రూలు. దెయ్యం ఏమైనా చేయగలదంటే ఇక కథ లేదు. అది ఏం చేయలేదో ముందు చెప్పాలి. ఈ విషయంలో భేతాళుణ్ణి మించినవాడు లేడు. మన తెనాలి చక్రపాణిగారు, నాగిరెడ్డిగారు 1947లో మొదలుపెట్టిన చందమామలో భేతాళ కథలు చదవని ఇల్లుందా? శంకర్‌గారు గీసిన ఆ బొమ్మ, చేత కత్తి, భుజాన శవం, కింద పుర్రెలు. రూలు చూడండి ఎంత గట్టిదో. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం పోయి శవం చెట్టెక్కుతుంది. ఎటు పోయినా తప్పించుకునే దారి లేదు. దెయ్యం ఒక్క చెయ్యి కూడా ఎత్తదు, కథ చెప్పి ప్రశ్న అడుగుతుంది, అంతే. స్మశానంలో, అర్ధరాత్రి, శవం నోట్లోంచి వచ్చే ఆ కథల్లో సగం నవ్వు పుట్టించేవి.

1990లలో మన గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న సంగతి ఇక్కడ నడివయసు దాటినవాళ్ళకి గుర్తుండాలి. రాత్రి పూట ఒక ఆడదెయ్యం తలుపు కొడుతుందని పుకారు. గుమ్మం మీద అలా రాస్తే చదువుకుని వెళ్ళిపోతుందట, మర్నాడు వస్తే మళ్ళీ అదే చదివి మళ్ళీ వెళ్ళిపోతుందట. కిరాణా కొట్లో ‘నేడు నగదు రేపు అరువు’ అని బోర్డు ఉంటుంది చూడండి, అచ్చం ఆ ఉపాయమే. అప్పుకి వచ్చేవాణ్ణి ఎలా తిప్పి పంపాలో తెలిసిన జాతి, దెయ్యాన్ని తిప్పి పంపలేదా? (నవ్వులు) బెంగళూరులోనూ అప్పట్లో గోడల మీద ఇదే మాట కన్నడంలో రాశారు. ఈ పుకారునే పట్టుకుని 2018లో స్త్రీ అని హిందీ సినిమా వచ్చింది. రాసింది మనవాళ్ళు, తిరుపతిలో ఇంజనీరింగ్ చదివిన రాజ్, డీకేలు. కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని చందేరీలో. గోడ మీద రాసింది చదివి మాట వినే దెయ్యం అనగానే సగం సినిమా అయిపోయింది. రాయడం మర్చిపోయిన ఇల్లేది, ఎవడో తుడిచేస్తే ఏమవుతుంది, ఇవన్నీ ఆ ఒక్క రూలులోంచే వస్తాయి.

ఒక చిన్న పక్కదారి. 1993లో ఫాజిల్ తీసిన మలయాళం సినిమా మణిచిత్రతాళు ఉంది కదా, మనం చంద్రముఖిగా చూసింది. మలయాళంలో, కథానాయికకి పూనిన నాట్యకత్తె మాట్లాడేది తమిళం. అదే కథ కన్నడంలోకి, తమిళంలోకి వెళ్ళేసరికి ఆవిడ తెలుగు మాట్లాడింది. హిందీకి వెళ్తే బెంగాలీ. అంటే ఎవరి దెయ్యమూ సొంత భాష మాట్లాడదు, పక్కింటివాళ్ళ భాష మాట్లాడుతుంది. మనం అజంత భాష, తేనె భాష అని మురిసిపోతుంటాం. ఇద్దరు పొరుగువాళ్ళకి మాత్రం అది అర్ధరాత్రి అద్దం ముందు వినిపించే భాష. (నవ్వులు, చప్పట్లు)

ఇప్పుడు మన సినిమాలకి వద్దాం. 2013లో ప్రేమకథా చిత్రమ్ వచ్చింది. దర్శకుడు మారుతి రాసిన కథ, చిన్న బడ్జెట్, ఒక ఇల్లు, నలుగురు మనుషులు. చచ్చిపోదామని ఊరవతల ఇంటికి వెళ్ళినవాళ్ళు దెయ్యాన్ని చూసి ప్రాణభయంతో పరిగెడతారు. ఆ ఒక్క వాక్యంలో నవ్వూ భయమూ రెండూ ఉన్నాయి, విడదీయలేరు. దాని తర్వాత వరదే. గాంధీనగర్‌లో ఏ ఆఫీసు మెట్లెక్కినా ఒక దెయ్యం కథ కూర్చుని ఉండేది. ఇల్లు ఒకటి చాలు, పెద్ద హీరో అక్కర్లేదు, ఫారిన్ పాట అక్కర్లేదు. ఎందుకంటే ఈ బొమ్మకి హీరో కన్నా ముందు భయపడేవాడు కావాలి. హీరో భయపడితే అభిమానులు ఊరుకోరు, కాబట్టి మన బదులు కమెడియన్ భయపడతాడు. సప్తగిరి, వెన్నెల కిశోర్, షకలక శంకర్, వీళ్ళంతా అలా మన బదులు వణికినవాళ్ళే. నన్నడిగితే దెయ్యం సినిమాలో బుద్ధిమంతుడు కమెడియన్ ఒక్కడే. శబ్దం వినగానే వెళ్ళిపోదాం అంటాడు. హీరో సెల్ ఫోన్ లైటు వేసుకుని అటే వెళ్తాడు.

మరి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఎందుకు పోయాయి? ఇది నేను ఇంటర్వెల్లో క్యాంటీన్ దగ్గర నిలబడి నేర్చుకున్నాను. దెయ్యం కామెడీకి ఇంటర్వెల్లో జనం చాలా హుషారుగా ఉంటారు. సమోసా సగం తిని బెల్లు కొట్టకముందే లోపలికి పరిగెడతారు. ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. ఒక మంచి కుటుంబం, ఒక అమాయకపు ఆడపిల్ల, వాన, నలుగురు దుర్మార్గులు. ఐదు నిమిషాలకి ఒక్కొక్కరే బయటికి వచ్చి సిగరెట్ వెలిగిస్తారు. లోపల ఏమవుతోందని అడగక్కర్లేదు. ఆ పిల్లని ఎవరు చంపారో తెలిసిపోయింది, ఇక దెయ్యం ఒక్కొక్కణ్ణీ వరసగా చంపుతుంది, అది కూడా తెలిసిపోయింది. భయం పోయింది, ఎందుకంటే దెయ్యం ఇప్పుడు మన పక్షం. నవ్వూ పోయింది, అంత ఏడ్చాక నవ్వితే బాగుండదు.

దర్శకుణ్ణి మాత్రమే అనడానికి లేదు. ఈ అతుకు వెనక వ్యాపారం ఉంది. మా కృష్ణా, గుంటూరు ఏరియాల బయ్యర్లు కథ విని అడిగే మొదటి ప్రశ్న, ఆడవాళ్ళకి సెంటిమెంట్ ఉందా అని. కుర్రాళ్ళకి మొదటి సగం, ఆడవాళ్ళకి రెండో సగం అని ఒక లెక్క. ఒకే టికెట్ మీద రెండు బొమ్మలు అమ్మడం. నేనూ ఆ లెక్క రాసిన ఆఫీసులోనే కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆడవాళ్ళు మా బయ్యర్లనుకున్నంత అమాయకులు కారు. మాట్నీలో అందరికన్నా గట్టిగా నవ్వింది వాళ్ళే.

అందుకే గురజాడవారి సీసా దగ్గరికి పొమ్మంటాను. అక్కడ ఫ్లాష్‌బ్యాక్ లేదు. నిజం మనకి ముందే తెలుసు. ఎవరు చేశారన్నది కాదు, ఎప్పుడు దొరికిపోతారన్నదే బిగువు. బాకీ ఏమిటో నవ్వు మధ్యలోనే కొంచెం కొంచెంగా తెలుస్తుంటుంది. మనవాళ్ళు ఆ బాకీనంతా మూట కట్టి సెకండాఫ్‌లో ఒక్కసారి దింపుతారు.

తప్పించుకున్నవి లేకపోలేదు. 2016 నవంబరు 18న ఎక్కడికి పోతావు చిన్నవాడా వచ్చింది. సరిగ్గా పది రోజుల ముందు పెద్ద నోట్లు రద్దయ్యాయి. హాళ్ళ ముందు కన్నా ఏటీఎంల ముందు క్యూలు పొడుగ్గా ఉన్న రోజులు. బొమ్మ పోయిందనే అనుకున్నారంతా. జనం వంద నోట్లు వెతుక్కుని మరీ వచ్చారు. దర్శకుడు వీఐ ఆనంద్ అందులో చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆత్మ పగ కోసం రాలేదు. ప్రేమ కోసం వచ్చింది. ఈ పిల్ల ఎవరు, ఏ ఒంట్లో ఉంది అన్న చిక్కుముడి చివరి దాకా నడిచింది కాబట్టి గతం కూడా ఒక ఆధారంలా వచ్చింది, ఏడుపులా రాలేదు.

రెండోది 2017లో మహి వి. రాఘవ్ తీసిన ఆనందో బ్రహ్మ. ఇల్లు అమ్మాలి. దెయ్యాలున్నాయని పుకారు. లేవని నిరూపించడానికి, డబ్బు బాగా అవసరమున్న నలుగురు ఆ ఇంట్లో ఉండటానికి ఒప్పుకుంటారు. కెమెరా దెయ్యాల వైపు నిలబడుతుంది. మనుషుల్ని బెదరగొట్టలేక దెయ్యాలే బెదిరిపోతాయి. బాకీ అంటే ఇక్కడ నిజంగా బాకీయే, రూపాయల్లో. ఆ నలుగురికీ దెయ్యం కన్నా అప్పులవాడంటే ఎక్కువ భయం. మన దగ్గర 2014 తర్వాత రాజధాని వస్తుందని తెలిసి స్థలాల రేట్లు ఎలా లేచాయో చూసినవాళ్ళకి ఈ కథ ఎక్కువ అర్థమవుతుంది. బెజవాడలో దెయ్యం ఉందని ఇల్లు వదులుకునే మనిషి నాకింతవరకు కనబడలేదు. గజం రేటు తగ్గిస్తారా అని అడుగుతారు, అంతే. (నవ్వులు)

ఇక ప్రశ్నలడగండి.

(ఒక శ్రోత: సార్, దెయ్యాలు ఎప్పుడూ ఆడవాళ్ళే ఎందుకు?)

మంచి ప్రశ్నమ్మా. సగం జవాబు సోమరితనం. తెల్ల చీర, విరబోసిన జుట్టు, మేకప్ ఖర్చు తక్కువ. మిగతా సగం మాత్రం నిజం. బతికుండగా మా ఇంట్లో నాకిది జరిగింది అని చెప్పుకోలేని మనిషి ఎవరో, కథలో ఆ మనిషే చచ్చాక వస్తుంది. మన పాత కథల్లో మగవాళ్ళకీ చోటుంది, బ్రహ్మరాక్షసుడని చదువుకున్న పండితుణ్ణి చెట్టు మీద కూర్చోబెట్టారు. ఆయన్ని మాత్రం సినిమావాళ్ళు దించడం లేదు. నాకు వ్యక్తిగతంగా ఒక బయ్యర్ దెయ్యం చూడాలనుంది. మూడు బొమ్మలు వరసగా పోయి, గాంధీనగర్‌లో అడ్వాన్సు వెనక్కి ఇమ్మని రోజూ రాత్రి ఆఫీసుకి వచ్చే దెయ్యం. అది కనిపిస్తే సగం మంది నిర్మాతలు ఊరొదిలేస్తారు.

(మరో శ్రోత: ఇప్పుడు అందరూ ఇంట్లో ఓటీటీలో చూస్తున్నారు. ఈ రకం సినిమా నిలుస్తుందా?)

భయం నిలుస్తుంది. చెవుల్లో ఇయర్ ఫోన్ పెట్టుకుని ఒక్కడే చూస్తే హాల్లోకన్నా ఎక్కువే భయపడతాడు. నవ్వు తగ్గిపోతుంది. మొదట చెప్పాను కదా, కేక పెట్టినవాడు పక్కవాణ్ణి చూసి నవ్వుతాడని. పక్కవాడు లేడు. కాబట్టి ఇంట్లో చూసే బొమ్మకి నవ్వు రాతలోనే గట్టిగా ఉండాలి, హాలు సాయం చేయదు.

(మరో శ్రోత: మేం ఇక్కడ కాలేజీ కుర్రాళ్ళం, పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. దెయ్యం కామెడీ. సలహా చెప్పండి.)

పొగ మిషన్ అద్దెకి తేవద్దు. ముందు ఆ డబ్బు మిగలనివ్వండి. ఒక్క గది చాలు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో దెయ్యానికి బాకీ ఎవరో మీరు ముందే తేల్చుకోండి, మాకు మూడో నిమిషంలో అనుమానం రానివ్వండి, ఆ మనిషికి మాత్రం చివరి దాకా తెలియనట్టే ఉండనివ్వండి. దెయ్యానికి ఒక్క రూలు పెట్టండి, రెండొద్దు. రెండు పెడితే వివరించడానికే మీ పది నిమిషాలు అయిపోతాయి. సౌండు మాత్రం విడిగా రికార్డు చేసుకోండి. బందరు కాలవ గట్టున రాత్రి ట్రాఫిక్ తగ్గాక వెళ్ళండి, కప్పలు, నీళ్ళు, దూరంగా రైలు, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. పోలీసులు ఆపితే కాలేజీ ఐడీ కార్డు చూపించండి, దెయ్యం కోసం వచ్చామని చెప్పకండి. మైకు ఇటు ఎడమ వైపు ఇవ్వండి, ఆ పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.

(ఇక్కడితో రికార్డు ఆగిపోయింది.)